ఆల్చిప్పకు పట్టిన నత్తలు

సెప్టెంబర్ 14, 2011, బుధవారం

ఆల్చిప్పకు నత్తలు పట్టాయి.

మధ్యాహ్నం కరెంటు పోయాక చేపల ట్యాంకు మీద దుప్పటి కప్పి, కాసేపయ్యాక ఒక కొన ఎత్తి టార్చి వేశాను. వెలుతురులో ఇవి చిప్ప అడుగున దాక్కుంటాయి, చీకటి చేస్తే పైకి పాకుతాయి. నూకల్లాగా తెల్లగా, చిన్నగా ఉన్నాయి. చిప్ప అంచు పొడుగునా బారుగా కూర్చుని, సన్నటి గొట్టం లోపలికి దింపి దాని రసం తాగుతున్నాయి. వారం నుంచి చిప్ప తన నీలి పెదవులు సగమే విప్పుతోందెందుకా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను, ఇదన్నమాట సంగతి. హైదరాబాద్ దుకాణం నుంచే దానితో వచ్చి ఉంటాయి. షార్జాలో అయితే కొత్త చిప్పను అటూ ఇటూ తిప్పి చూడకుండా నీళ్లలో వేసేవాణ్నా? కోరుట్లకు తిరిగొచ్చాక కళ్లు మొద్దుబారాయి.

కోయాకు ఫోన్ చేశాను. షార్జాలో పన్నెండేళ్లు ఆయన దగ్గరే చేశాను, ఇళ్లలో, హోటళ్లలో సముద్రపు నీళ్ల ట్యాంకులు చూసుకునే పని. ఆయన నవ్వాడు. "మర్చిపోయావా సుదర్శన్? బయటికి తీసి మెత్తటి బ్రష్‌తో అడుగు నుంచి రుద్దు. జిగటగా గుడ్లు అంటుకుని ఉంటాయి, అవీ గీకెయ్. వారానికోసారి, నెల రోజులు. అంతే." తర్వాత అసలు విషయం అడిగాడు. వీసా నా పేరు మీద ఆపి పెట్టాడట. మీ దసరా వరకు చూస్తాను, తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తాను అన్నాడు.

రానని చెప్పాను. అంటే, ఇంచుమించు చెప్పాను.

రేపు బ్రష్ చేయాలి.

సెప్టెంబర్ 16

బ్రష్ చేయలేదు. తెలంగాణ కోసం సమ్మెకని దుకాణాలన్నీ మూసి ఉన్నాయి, మెత్తటి బ్రష్ ఎక్కడ దొరుకుతుంది?

అమ్మ ట్యాంకు ముందు పీట వేసుకుని కూర్చుని చాలాసేపు చూసింది. "గీ చిప్ప కూరకత్తదా?" అని అడిగింది. రాదన్నాను. "మరి గింత సేవెందుకు దీనికి. నా మోకాళ్లకు ఒక్కనాడన్న నూనె రాసినవా కొడుకా." రాత్రి రాశాను. పడుకోబోతూ మళ్లీ అంది, "ఉప్పు గావాలంటె మనింట్లున్నది ఎయ్యరాదా, గా హైదరాబాదుల ఉప్పేంది."

అమ్మకు అర్థం కాకపోతే పోనీ. నాకు మాత్రం ఈ చిప్ప మీదే అంతా ఉంది. జగిత్యాలలో పిల్లల డాక్టరమ్మ కొత్త ఆస్పత్రి కట్టింది. ఏడ్చే పిల్లలు చూసి నోరు మూసుకునేలాగా హాల్లో గోడ పొడవునా ట్యాంకు కావాలంటుంది. సమ్మె అయిపోగానే మా ఇంటికొచ్చి నా ట్యాంకు చూస్తానంది. అది కుదిరితే కరీంనగర్ దాకా పని దొరుకుతుంది, ఇక ఏ దేశమూ పోనక్కర్లేదు. చేపలు ఎవరైనా చూపిస్తారు. బతికున్న ఆల్చిప్ప, నీలి పెదవులు విప్పుకుని, ఈ చుట్టుపక్కల ఎవరి దగ్గరుంది? అది చస్తే ఆమెకు చూపించడానికి నా దగ్గర నాలుగు రాళ్లు, ఉప్పునీళ్లు తప్ప ఏమీ ఉండవు.

సెప్టెంబర్ 19, సోమవారం

ఈ రోజు నుంచి బస్సులు కూడా లేవు. పక్కింటి జలపతి డిపోలో కండక్టరు. పొద్దున్నే సమ్మె టెంటులో కూర్చుని నినాదాలు చేసి, మధ్యాహ్నం మా ఇంటికొచ్చి ట్యాంకు ముందు కూర్చుంటాడు. "ఏమన్నగాని అన్నా, గీ చేపలకు టికెట్ల లొల్లి లేదు" అన్నాడు. సమ్మెతో గనుల్లో బొగ్గు తవ్వడం లేదు కాబట్టి కరెంటు ఇంకా తగ్గుతుందట. ట్యాంకుకు గాలి కొట్టే మోటారును జలపతి బ్యాటరీకి కలిపి ఇచ్చాడు. పెద్ద లైట్లు మాత్రం బ్యాటరీ మీద నడవవు. ఆల్చిప్పకు వెలుతురే అన్నం. అందుకని పొద్దున ఎండ ఎక్కకముందు దాన్ని ట్యాంకు నీళ్లతోనే ప్లాస్టిక్ తొట్టిలో పెట్టి వాకిట్లో ఉంచుతున్నాను.

వాకిట్లో దాని ముందు కూర్చుంటే షార్జా గుర్తుకొచ్చింది. సోమవారం సోమవారం ఖానుమ్ ఇంట్లో పని ఉండేది, ఖానుమ్ అంటే వాళ్ల భాషలో అమ్మగారు. పెద్దావిడ, చక్రాల కుర్చీలో ఉండేది. ఆమె ట్యాంకులో ఆల్చిప్ప పళ్లెమంత ఉండేది. నేను గాజు తుడుస్తుంటే కుర్చీ దగ్గరికి జరిపించుకుని, తన తలగుడ్డ కొనను నీళ్ల మీద ఆడించేది. నీడ పడగానే చిప్ప ఠక్కున మూసుకునేది. ప్రతి సోమవారమూ అదే ఆట, ప్రతి సోమవారమూ అంతే నవ్వు. తర్వాత గాజు గ్లాసులో టీ, పక్కన చక్కెర గడ్డ. నా పేరు పలకడం రాక "సూదర్" అనేది. ఆ ఇంట్లో నన్ను పనివాడిలాగా చూడలేదు ఎవరూ.

ఇక్కడ టీలో అల్లం ఎక్కువ వేస్తారు.

సెప్టెంబర్ 22

బ్రష్ దొరికింది. చిన్న పిల్లల పళ్ల బ్రష్, మెత్తగా ఉంది.

ఇవాళ ఎండ బాగా ఉంది, చిప్ప కాస్త పెదవి విప్పింది. విప్పినప్పుడు కదిలించడం ఎందుకని వదిలేశాను. రేపు తప్పకుండా.

సెప్టెంబర్ 23

రేపు.

సెప్టెంబర్ 25, ఆదివారం

మా బిడ్డ రాధిక చందుర్తిలో అమ్మమ్మ దగ్గరే ఇరుక్కుపోయింది. బడులు మూశారని పంపించాం, తీరా ఇప్పుడు తీసుకొద్దామంటే బస్సుల్లేవు. సిరిసిల్లలో సాంచాల మీద బట్ట నేసే వాళ్ల మామ బండి మీద తెస్తానన్నాడు కానీ పెట్రోలు దొరకడం లేదట.

ఫోన్‌లో మాట్లాడింది. "నాయినా, చిప్ప నోరు తెరిసిందా?"

"తెరిచింది బిడ్డా."

"నత్తలు పోయినయా?"

"పోతయి."

తర్వాత "నేనచ్చేదాక ఉంటవా, పోతవా?" అంది. నేను నవ్వి ఎక్కడికి పోతానే అన్నాను. ఫోన్ నా భార్య శైలజకు ఇచ్చేశాను.

అది పుట్టినప్పుడు నేను లేను. నడిచినప్పుడు లేను. రెండేళ్లకోసారి వచ్చి, అది నన్ను అలవాటు చేసుకునే లోపల మళ్లీ పెట్టె సర్దుకునేవాణ్ని. ఇప్పుడు ఆరు నెలలుగా ఇంట్లోనే ఉన్నాను. ఉంటావా పోతావా అని ఇంకా అడుగుతోంది. ఎందుకడిగిందో.

సెప్టెంబర్ 27, మంగళవారం

ఎంగిలిపూల బతుకమ్మ. ఈసారి ఆడవాళ్లంతా నడిరోడ్డు మీద ఆడారు, పాటల మధ్యలో జై తెలంగాణ. శైలజ కూడా పోయింది. తంగేడు పూలు జడలో పెట్టుకుని వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత బతుకమ్మకు ఇంట్లో ఉన్నాను. బాగుంది.

బాగుంది అనుకుంటూనే, శుక్రవారం మధ్యాహ్నాలు గుర్తుకొచ్చాయి. షార్జాలో రోల్లా దగ్గర మా గది. ఎనిమిది మందిమి. ఒకడు అన్నం, ఒకడు పప్పు, కోయా తమ్ముడు చేపల పులుసు. తిన్నాక కోయా వ్యాన్‌లో సముద్రపు నీళ్లు తేవడానికి ఖోర్‌ఫక్కాన్ తీరానికి పోయేవాళ్లం. డబ్బాలు నింపడం పది నిమిషాల పని. మిగతా సాయంత్రం అంతా రాళ్ల మీద, నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఆ నీళ్ల వాసన ఇంకా ముక్కులో ఉంది. ఈ ట్యాంకులో ఎంత మంచి ఉప్పు కలిపినా ఆ వాసన రాదు.

విచిత్రం ఏమిటంటే, ఆ రాళ్ల మీద కూర్చుని నేను మాట్లాడిందంతా కోరుట్ల గురించే. ఒకసారి మా గదిలోని నిజామాబాద్ ఆయన బీడీ ముట్టిస్తే ఆ పొగ వాసనకు మా వెనక అర్ర, శైలజ తొడ మీద చాట, బీడీలకు తునికాకు కత్తిరించే చప్పుడు గుర్తొచ్చి ఏడ్చేశాను. కోయా నా భుజం మీద చెయ్యి వేశాడు.

నీడ పడితే చిప్ప ఇప్పుడు వెంటనే మూసుకోవడం లేదు. చేయి అడ్డం పెట్టి చూశాను. ఆలోచించుకుని మూసుకున్నట్టుగా, నెమ్మదిగా.

సెప్టెంబర్ 29

నత్తలు పెరిగాయి. దుప్పటి కింద లెక్కపెట్టబోయి మానేశాను.

నా దగ్గర ఉన్న సముద్రపు ఉప్పు అయిపోవచ్చింది. నీళ్లు మార్చకుండా బ్రష్ చేస్తే చిప్ప తట్టుకోలేదేమో అనిపిస్తోంది. హైదరాబాద్ నుంచి తెప్పించిన ఉప్పు పార్శిల్ జగిత్యాల ట్రాన్స్‌పోర్టు గోదాములో పడి ఉందట. అది వచ్చాకే చేయడం మంచిది. కోయా ఇలాంటిదేమీ చెప్పలేదు. కానీ ఆయన ఈ చిప్పను చూడలేదు కదా.

అక్టోబర్ 1, శనివారం

జలపతి బండి మీద జగిత్యాల పోయి ఉప్పు తెచ్చాం. పొద్దున పోయిన వాళ్లం సాయంత్రం దీపాల వేళకు వచ్చాం. జగిత్యాల చేరేముందే రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బండి ఆపేశారు. మల్యాల నుంచి డప్పులు తెచ్చుకున్న వాళ్లు ఒక పక్క, వకీళ్లు ఒక పక్క. "తిన్నంక వోదురు, కూసోండ్రి" అని విస్తరి చేతిలో పెట్టారు. తారు మీద చాప పరిచి పప్పన్నం తిన్నాను. పక్కన కూర్చున్న ముసలాయన నన్ను చూసి "ఏ ఊరు?" అని అడిగాడు. నోటికి షార్జా అని రాబోయింది. కోరుట్ల అన్నాను.

డాక్టరమ్మ ఆస్పత్రి బయటి నుంచి చూశాను. హాలు పెద్దదే. గోడకు ఇంకా రంగు వేయలేదు.

ఇంటికొచ్చేసరికి శైలజ వంటింట్లో ఉంది. ముఖం తిప్పుకునే మాట్లాడింది. ట్యాంకు చుట్టూ నేల తడిగా ఉంది. అమ్మ నీళ్లు పారబోసిందేమో. అలసిపోయి ఉన్నాను, అడగలేదు.

అక్టోబర్ 2

ట్యాంకులోని రొయ్యలు చచ్చిపోయాయి. రెండూ. ఎర్రగీతల రొయ్యలు, ఎంత మురిపెంగా తెచ్చుకున్నానో. ఒక చేప మూలన పక్కకు ఒరిగి ఉంది. ఆల్చిప్ప నోరు వెడల్పుగా తెరుచుకుని ఉంది, అది మంచి తెరుచుకోవడం కాదు.

వంగి నీళ్ల వాసన చూశాను. పొగాకు.

ఈ ఇంట్లో ట్యాంకు పెట్టిన మొదటి రోజే శైలజకు చెప్పాను. బీడీలు చుట్టిన చేతులు ఈ నీళ్లలో పెట్టొద్దని, ఎంత కడిగినా పొగాకు పోదని, రొయ్యలకు అది విషమని. ఆ రోజు గట్టిగానే చెప్పాను. "నీ చేపల నీళ్ల దిక్కు నేనెందుకత్త" అని శైలజ వెనక అర్రలోకి పోయింది. అప్పటి నుంచి ఆమె ఈ గదిలో ఊడ్చేటప్పుడు కూడా ట్యాంకుకు దూరంగా తిరిగేది.

అరిచాను. ఏం అరిచానో అంతా రాయను. జగిత్యాల పని నీ చేతులతోనే చంపావన్నాను. ఆమె చాట తీసుకుని వెనక అర్రలోకి పోయింది. అమ్మ "ఊకో కొడుకా, ఇరుగుపొరుగు ఇంటరు" అంది.

తెచ్చిన ఉప్పంతా కలిపి, విషం పీల్చుకుంటుందని జలపతితో బొగ్గు తెప్పించి సంచిలో కట్టి వేసి, సగం నీళ్లు మార్చాను.

రాత్రి కోయాకు ఫోన్ చేసి వస్తున్నానని చెప్పాను. ఫోన్ పెట్టేశాక తెరిపిగా అనిపించింది. మంచి నిద్ర పట్టింది.

అక్టోబర్ 3

చిప్ప చావలేదు. మూయలేదు. అట్లాగే ఉంది.

పాస్‌పోర్టు తీసి చూసుకున్నాను. పాత స్టాంపులన్నీ తిప్పాను. ఖానుమ్ ఇంకా ఉందో లేదో కోయాను అడగడం మర్చిపోయాను.

అక్టోబర్ 4, మంగళవారం

సద్దుల బతుకమ్మ. వీధంతా పోయింది. శైలజ పోలేదు. అమ్మను పంపించి, తలుపు దగ్గరికి వేసి, నా ముందుకొచ్చి కూర్చుంది. చేతిలో తడి తునికాకు. దాని మీద నత్తలు, తెల్లగా, కుప్పగా.

"శనివారం నువ్వు వొయినంక తీసిన" అంది. "దుప్పటి గప్పి, నువ్వు జేసినట్టే టార్చి వెట్టి చూసిన. గోరుతోని ఒక్కొక్కటి తీసిన. సబ్బుతోని మూడు మాట్ల చేతులు గడుక్కున్న. మల్ల బూడిదతోని గడుక్కున్న. గా రొయ్యలు సస్తయనుకోలె."

ఎందుకు తీశావని అడిగాను.

"నువ్వు తీస్తలెవ్వు గద."

ఉప్పు లేక అని మొదలుపెట్టాను. ఆమె చేయి ఎత్తి ఆపింది. అరవలేదు. ఆమె గొంతు పెంచి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"బ్రష్ జేస్తె పోతయని నువ్వే చెప్తివి. బ్రష్ తెచ్చి కిటికీల వెట్టినవ్. రోజు పొద్దుగాల దాన్ని చేతులకు తీస్తవ్, తొట్టిల వెడ్తవ్, ముంగట గూసుంటవ్. ఒక్కనాడన్న రుద్దినవా? చేతుల వట్టుకోని గూడ రుద్దలె. బీడీలు జేసుకుంట అర్రలకెల్లి రోజు చూస్తన్న. ఇయ్యాల జేస్తడు, ఇయ్యాల జేస్తడు అనుకుంట చూస్తన్న. అటెంక సమజయింది. అది సావాలె, నువ్వు పోవాలె. నువ్వు పోయినట్టుండద్దు, చిప్ప సచ్చినందుకు పోయినట్టుండాలె."

కాదన్నాను. కాదు అన్న మాట నాకే వినబడలేదు.

"పోతె నీ మనసుతోని పో రాధిక నాయినా. నత్తల మీద వెట్టకు. నా చేతుల మీద వెట్టకు."

బయట పాట వినిపిస్తోంది. మేమిద్దరం ఆ ఆకు మీది నత్తలను చూస్తూ కూర్చున్నాం. చివరికి నేను అన్నాను. ఇన్ని రోజులుగా ఇందులో కూడా రాయని మాట.

"నాకు పోబుద్ధయితాంది శైలజా. ఈడ ఉండి ఉండి ఆడికే పోతది మనసు. ఆడున్నప్పుడు ఈడికే పోయేది. ఎందుకో నాకెరికలేదు."

"నాకెరికే" అంది. "పన్నెండేండ్లల్ల ఎన్నిసార్ల బస్టాండుకచ్చిన నీ ఎంబడి. ఒక్కసారన్న పోకు అన్ననా? అంటె నీ కాళ్లు ముందుకు వడయని అనలె. ఇంటికాడ అప్పుడు తిననీకి లేకుండె. ఇప్పుడున్నది. అందుకే ఇప్పుడంటన్న." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పోకు."

ఆ ఒక్క మాట కోసం పన్నెండేళ్లు ఆ బస్టాండులో కిటికీలోంచి వెనక్కి చూసేవాణ్నని నాకప్పుడు తెలిసింది. ఆమె అనేది కాదు, బస్సు కదిలేది.

అక్టోబర్ 5

పొద్దున చిప్పను తొట్టిలో పెట్టి రుద్దాను. అడుగున, మడతల్లో, చిప్ప కాలు బయటికొచ్చే సందులో. శైలజ తీయగా మిగిలినవి కొన్ని దొరికాయి. జిగట గుడ్లు చాలా ఉన్నాయి, గీకాను. ఎంతోసేపు పట్టలేదు. అన్నం తిన్నంత సేపు కూడా పట్టలేదు. శైలజ దూరంగా గడప మీద కూర్చుని చూసింది, చేతులు ఒళ్లో పెట్టుకుని.

సాయంత్రం చేయి అడ్డం పెడితే నెమ్మదిగా మూసుకుంది. మళ్లీ విప్పింది, సగం.

బతుకుతుందో లేదో ఇంకా చెప్పలేను. డాక్టరమ్మ వస్తుందో లేదో, సమ్మె ఎప్పుడు ఆగుతుందో కూడా తెలియదు. చిప్ప ఉన్నా లేకపోయినా జగిత్యాల పోయి అడగాలి. పని ఇస్తే చేస్తాను, ఇవ్వకపోతే ఇంకో పని వెతుక్కుంటాను.

అక్టోబర్ 6, గురువారం, దసరా

జమ్మి ఆకు అమ్మ చేతిలో పెట్టి మొక్కాను. జలపతి వచ్చి కౌగిలించుకుని అలాయి బలాయి తీసుకున్నాడు. రాధికను వాళ్ల మామ బండి మీద తీసుకొచ్చాడు, ఎక్కడో పెట్రోలు దొరికిందట. బండి దిగుతూనే ఇంట్లోకి పరిగెత్తింది. ట్యాంకు దగ్గరికి కాదు, గదులన్నీ చూసి, వెనక అర్రలో నేనుంటే వచ్చి నడుము పట్టుకుంది.

మధ్యాహ్నం కోయాకు ఫోన్ చేశాను. వీసా ఇంకొకరికి ఇవ్వమని చెప్పాను. ఆల్చిప్ప బాగయిందా అని అడిగాడు. ఇంకా తెలియదన్నాను. ఖానుమ్ సంగతి అడిగితే, మొన్న ఎండాకాలంలో పోయిందన్నాడు. ట్యాంకు ఖాళీ చేసి కొడుకులు అమ్మేశారట. ఆమె చిప్పను తనే తెచ్చి దుకాణంలో పెట్టుకున్నాడట.

"నీ గొంతు ఎందుకట్లా ఉంది సుదర్శన్?" అన్నాడు.

ఇక్కడ వాన పడుతోంది, సరిగా వినబడటం లేదన్నాను. ఫోన్ పెట్టేశాను.

వానేమీ లేదు. మంచి ఎండ.